ఇంటర్ అయిపోయింది, చేతిలో కొంత పని ఉంది: ఇప్పుడు ఏ దారి పట్టాలి?

డిండి_పిలగాడు:

అందరికీ నమస్తే. మాది దేవరకొండ వైపు పల్లెటూరు. ఈ ఏడాది ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎంపీసీ పాసయ్యాను, 712 మార్కులు. ఎప్‌సెట్ ర్యాంకు లక్ష దాటింది. టెన్త్ దాకా తెలుగు మీడియం కాబట్టి ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే తడబడతాను.

నాయినకు రెండెకరాల పత్తి, బోరు కింద ఎకరం వరి. హైదరాబాద్ అవతల ఒక ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తానని ఒకాయన మా ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. నాయిన అప్పు చేసైనా చేర్పిస్తానంటున్నాడు. అమ్మకు ఇష్టం లేదు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.

సెలవుల్లో నేను రెండు పనులు చేశాను. యాసంగిలో మా ఊరి ఐకేపీ సెంటర్‌లో (రైతుల వడ్లు కొనే కేంద్రం) ట్యాబ్ ఎంట్రీ, ఎండాకాలం దేవరకొండలో మోటార్ వైండింగ్ షాపులో పని. జీతం చీటీలు లేవు, చేతికే డబ్బులు ఇచ్చేవారు. ఇలాంటివి బయోడేటాలో అనుభవం అని రాసుకోవచ్చా? బీటెక్, డిగ్రీ, ఉద్యోగం, ఈ మూడింట్లో ఏది పట్టుకోవాలి? పెద్దవాళ్లు చెప్పండి.

పానగల్లు_లెక్చరర్:

బాబూ, ముందు ఆ మేనేజ్‌మెంట్ సీటు సంగతి తేల్చుకోవాలి. మేనేజ్‌మెంట్ కోటాకు ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వం కట్టే ఫీజు, రాదు. ఈ మాట ఇంటికి వచ్చే ఏజెంట్ చెప్పడు. నాలుగేళ్లు ఫీజు, హాస్టల్, బస్సు, పుస్తకాలు అన్నీ మీ నాయిన మీదే పడతాయి. రెండెకరాల పత్తి అంత బరువు మోయదు. చదువుకు అప్పు తప్పదనుకుంటే బ్యాంకులో విద్యారుణం అడగండి, నాలుగు లక్షల లోపు దానికి తాకట్టు అక్కర్లేదు. పాస్‌బుక్ పట్టుకుని వడ్డీ వ్యాపారి దగ్గరికి మాత్రం పోనివ్వకు.

డిగ్రీకి దోస్త్ ఉంది, డిగ్రీ కాలేజీల సీట్లు ఆన్‌లైన్‌లో అందులోనే ఇస్తారు. మొదటి విడతలో రిజిస్ట్రేషన్‌కు రెండు వందలు, ఆ తర్వాత వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల ఉంది, మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే. ప్రభుత్వ కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టమని ఎందుకు చెబుతానంటే, రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కొన్ని ప్రైవేటు కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు ఆపేస్తున్నాయి. నా దగ్గర చదివి పీజీకి పోవాల్సిన అమ్మాయి ఒకతి టీసీ కోసం ఆఫీసు బయట నిలబడి ఏడ్చింది. అది చూసినవాడిగా చెబుతున్నాను.

నీకు ఫిజిక్స్ ఇష్టమైతే బీఎస్సీ పెట్టుకో. కంప్యూటర్స్ వైపు మనసుంటే బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ కూడా మంచిదే. ఐకేపీ సెంటర్‌లో నువ్వు చేసిన పని అలాంటి లెక్కల పనే.

వైండింగ్_మిర్యాలగూడ:

తమ్మీ, నాకు మిర్యాలగూడలో వైండింగ్ షాపు ఉంది. వరి నాట్ల టైంలో మా దగ్గర మోటార్లు వరుసలో పెడతారు. నువ్వు షాపులో పని చేశానన్నావు. మోటార్ విప్పావా, లేక టీలు తెచ్చి ఊడ్చావా? దాన్ని బట్టి నీకు చెప్పే సలహా మారుతుంది. ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ కాలిపోయి వస్తే నువ్వు ఏం చేస్తావో వరుసగా రాయి.

డిండి_పిలగాడు:

అన్నా, మొదట్లో ఊడ్చాను, సామాన్లు అందించాను. తర్వాత మేస్త్రీ పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

మోటార్ రాగానే మెగ్గర్‌తో (ఇన్సులేషన్ చూసే మీటర్) బాడీకి, వైండింగ్‌కి మధ్య చూస్తాం. విప్పాక ఎలా కాలిందో చూడాలి. రెండు ఫేజుల కాయిళ్లు నల్లబడి ఒక ఫేజు బాగుంటే సింగిల్ ఫేజింగ్ (మూడు ఫేజుల్లో ఒకటి రాకపోవడం) జరిగిందని, రైతుకు స్టార్టర్, ఫ్యూజులు చూసుకోమని చెబుతాం. అన్ని కాయిళ్లూ ఒకేలా కాలితే తక్కువ వోల్టేజీయో, పంపు ఇసుకతో పట్టేయడమో అయి ఉంటుంది. పాత వైరు తీసే ముందు కనెక్షన్ నోట్‌బుక్‌లో గీసుకుంటాం. స్లాట్లు, ఒక కాయిల్‌కి ఎన్ని చుట్లు, వైరు గేజ్ రాసుకుంటాం. ఆ పుస్తకం ఇప్పుడు నేనే రాస్తున్నాను. సబ్‌మెర్సిబుల్‌లో స్లాట్ మూసి ఉంటుంది కాబట్టి సూదిలో దారం ఎక్కించినట్టు ఒక్కో చుట్టూ లోపలి నుంచి లాగాలి. వైరు మీది ప్లాస్టిక్ పొర ఎక్కడన్నా గీసుకుపోతే నీళ్లలో దించగానే షార్ట్ అవుతుంది. అందుకే అయిపోయాక స్టేటర్‌ను నీళ్లలో ముంచి మళ్లీ మెగ్గర్ పెడతాం.

చుట్టడం సొంతంగా చేస్తాను. కనెక్షన్ కలపడం మాత్రం మేస్త్రీ చూస్తుండగా చేస్తాను.

వైండింగ్_మిర్యాలగూడ:

ఇది నిజంగా పని చేసినోడు రాసిన జవాబు. రెండేళ్ల నుంచి నా దగ్గర ఉన్న పిల్లలకు కూడా ఎందుకు కాలిందో చూసే అలవాటు లేదు, చుట్టి పంపిస్తారు. మోటార్ మళ్లీ కాలి వస్తుంది.

నా మాట సూటిగా చెబుతాను. ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరు. రెండేళ్లు. టెన్త్ మార్కుల మీద సీటు ఇస్తారు. నీ చేతిలో పని ఉంది, దానికి కాగితం లేదు. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో జూనియర్ లైన్‌మన్ పోస్టు పడితే టెన్త్‌తో పాటు ఎలక్ట్రికల్‌లో ఐటీఐయో, ఇంటర్ వొకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సో అడుగుతారు. ఎంపీసీ ఇంటర్ దానికి పనికిరాదు. స్తంభం ఎక్కే పరీక్ష కూడా ఉంటుంది, అది నీకు కష్టం కాదు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కు కూడా ఐటీఐ చెల్లుతుంది.

సూర్యాపేట_సాఫ్ట్‌వేర్:

నేను ఒప్పుకోను. క్షమించండి, ఇలాంటి సలహాలతోనే పల్లె పిల్లలు పల్లెలోనే ఉండిపోతున్నారు. నేనూ రైతు కొడుకునే, పేరు లేని కాలేజీలోనే బీటెక్ చదివాను. క్యాంపస్ డ్రైవ్‌కు వచ్చే కంపెనీ గేటు దగ్గరే బీటెక్ ఉందా అని అడుగుతుంది. లేనివాణ్ని లోపలికి రానివ్వదు. ఆ నాలుగేళ్లు హైదరాబాద్‌లో ఉండటం వల్లే నాకు ఇంగ్లీషు వచ్చింది, నలుగురు స్నేహితులు వచ్చారు. ఇంటర్ చదివి ఐటీఐకి పోవడమంటే రెండు మెట్లు కిందికి దిగడమే. రేపు పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా ఈ మాట వస్తుంది.

కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లకు, చివరి విడత దాకా ప్రయత్నించు తమ్ముడూ. లక్ష దాటిన ర్యాంకుకు కూడా సీట్లు వస్తాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వర్తిస్తుంది.

జడ్చర్ల_కెమిస్ట్:

కన్వీనర్ కోటా మాట సరైనదే. కానీ ఆ కాలేజీలో ల్యాబ్ ఉందా, పాఠం చెప్పేవాళ్లు ఉన్నారా అని చూడకుండా చేరకూడదు. మా పోలేపల్లి సెజ్‌లో నా షిఫ్ట్‌లోనే బీటెక్ చదివి కాంట్రాక్టు హెల్పర్‌గా డ్రమ్ములు తోసే పిల్లలు ఉన్నారు. వాళ్లను తక్కువ చేసి అనడం లేదు. ఆ చదువుకు పెట్టిన డబ్బు వాళ్ల ఇళ్లలో ఇంకా అప్పుగానే ఉంది, అది చూస్తే బాధగా ఉంటుంది.

ఫార్మా వైపు ఆలోచన ఉంటే ఒక విషయం గుర్తుంచుకో. ఇంటర్‌తో వస్తే ప్రొడక్షన్‌లో హెల్పర్. బీఎస్సీ కెమిస్ట్రీతో వస్తే క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లోకి పోయే దారి ఉంటుంది. ఐటీఐలో అటెండెంట్ ఆపరేటర్ కెమికల్ ప్లాంట్ అని ఒక ట్రేడ్ ఉంది, దానితో రియాక్టర్ దగ్గరికి పోవచ్చు. ఎక్కడ చేరినా మొదటి నెలలోనే పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) నంబరు అడిగి తీసుకో. జీతం 21 వేల లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. నీ జీతంలో కోసేది 0.75 శాతమే, కంపెనీ 3.25 శాతం కట్టాలి. కాంట్రాక్టరు ఇవ్వనంటే ఆ పని వదిలెయ్.

నీ ట్యాబ్ ఎంట్రీ పని గురించి కొంచెం వివరంగా చెప్పు. మా దగ్గర బ్యాచ్ రికార్డు రాసేవాళ్లకు కావలసింది అదే గుణం.

డిండి_పిలగాడు:

సెంటర్‌లో మహిళా సంఘం అక్కలే అన్నీ చూస్తారు సార్. రైతు వడ్లు ఆరబోశాక తేమ మీటర్ పెడతారు, 17 శాతం లోపు ఉండాలి. తాలు పోయేదాకా తూర్పార పట్టిస్తారు. 40 కిలోల బస్తాలు కాంటా అయ్యాక నేను రైతు పాస్‌బుక్ నంబరు, ఆధార్, బ్యాంక్ ఖాతా, బస్తాల లెక్క ట్యాబ్‌లో ఎక్కించేవాణ్ని. లారీ లోడయ్యాక ట్రక్ షీట్ రాసి డ్రైవర్‌తో మిల్లుకు పంపాలి. మిల్లువాళ్లు తరుగు తీస్తే సెంటర్‌కు ఫోన్ వస్తుంది, అప్పుడు మన లెక్క చూపించాలి. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పినా రైతుకు డబ్బులు పడవు, అందుకే రైతుతో గట్టిగా చదివించి ఎక్కించేవాణ్ని.

గద్వాల_అక్క:

తమ్ముడూ, ఖాతా నంబరు గట్టిగా చదివించాను అన్నావు చూడు, ఆ వాక్యం నాకు బాగా నచ్చింది. నేను గద్వాలలో చీరల షాపులో బిల్లింగ్, ట్యాలీ చేస్తాను. ఇంటర్ సీఈసీ తర్వాత పనిలో చేరి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తి చేశాను. ఆదివారాలు స్టడీ సెంటర్‌కు పోయేదాన్ని. పని వదలకుండా డిగ్రీ చేయొచ్చని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇంకో ముఖ్యమైన మాట. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బులు అడిగితే అక్కడే లేచి రావాలి. నేను కొత్తలో హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి పోతే రిజిస్ట్రేషన్ అని కొంత, ట్రైనింగ్ అని కొంత, యూనిఫాం అని కొంత కట్టించుకున్నారు. నెల తిరిగేసరికి ఆఫీసుకు తాళం వేసి ఉంది. మాలాంటి ఆడపిల్లలు ఎంతమందో ఆ మెట్ల మీద కూర్చున్నారు. నిజంగా పని ఇచ్చేవాడు నీకు జీతం ఇస్తాడు, నీ దగ్గర తీసుకోడు.

ఖర్చు లేకుండా నేర్పే చోట్లు మన దగ్గరే ఉన్నాయి. పోచంపల్లి మండలం జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థలో గ్రామీణ యువతకు హాస్టల్ పెట్టి నేర్పిస్తారు. నల్లగొండలో ఎస్‌బీఐ ఆర్‌సెటీ (పల్లె యువతకు స్వయం ఉపాధి పనులు నేర్పే సంస్థ) ఉంది. 18 ఏళ్లు నిండాలి, భోజనం, వసతి కూడా వాళ్లదే. షాపు పెట్టుకోవాలనుకునేవాళ్లకు అది చాలా ఉపయోగం.

కోస్గి_మట్టిపని:

నాకు ఇంత పెద్దగా రాయడం రాదు. మా నాయిన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని పుణెలో, ముంబైలో మట్టి పని చేశాడు. నేనూ చిన్నప్పుడు అక్కడే గుడిసెలో ఉన్నాను, బడి సగంలో పోయింది. ఇప్పుడు నా బిడ్డ టెన్త్. తమ్ముడూ, మీ నాయినను అప్పులోకి దించే చదువు ఏదైనా సరే వద్దు. అప్పు ఉన్న ఇంట్లో చదువుకునే పిల్లాడి మనసు పుస్తకం మీద ఉండదు.

కొత్తూరు_హెచ్‌ఆర్:

నేను కొత్తూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో కొత్తవాళ్లను తీసుకునే పని చూస్తాను. బయోడేటా గురించి అడిగావు కాబట్టి దాని మీద రాస్తాను, మిగతావి పైన వచ్చాయి.

మాకు వచ్చే బయోడేటాల్లో చాలావరకు జిరాక్స్ సెంటర్ కంప్యూటర్‌లో ఉన్న ఒకే ఫైలు. పైన 'సవాళ్లు ఉన్న సంస్థలో పనిచేసి సంస్థ ఎదుగుదలకు తోడ్పడాలని నా ఆశయం' అని ఉంటుంది. కింద కష్టపడే తత్వం, నిజాయితీ, పాటలు వినడం, క్రికెట్. యాభై కాగితాల్లో యాభై మందీ ఒక్కరే అనిపిస్తారు. అవన్నీ తీసెయ్. మతం, కులం, నాన్న వృత్తి కూడా అక్కర్లేదు.

పేరు, ఊరు, ఫోను, నీ పేరుతో ఉన్న ఈమెయిల్. తర్వాత చదువు రెండు వరుసల్లో. ఆ తర్వాత నువ్వు చేసిన పని. పై పోస్టుల్లో నువ్వు రాసినదాన్నే ఇలా పెట్టు:

'మోటార్ వైండింగ్ సహాయకుడు, దేవరకొండ, వేసవి సెలవుల్లో. త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటార్లు విప్పడం, కాలిన కారణం గుర్తించడం, వైండింగ్ వివరాల పుస్తకం రాయడం, కాయిళ్లు చుట్టడం, మెగ్గర్ పరీక్ష. కనెక్షన్ మేస్త్రీ పర్యవేక్షణలో.'

'ధాన్యం కొనుగోలు కేంద్రంలో ట్యాబ్ ఎంట్రీ, యాసంగి సీజన్లలో. రైతుల వివరాలు, బస్తాల లెక్క నమోదు, ట్రక్ షీట్లు రాయడం, మిల్లు తరుగుపై లెక్కలు చూపడం.'

జీతం చీటీ లేకపోయినా ఇది అనుభవమే. షాపు యజమాని ఫోన్ నంబరు ఆయన్ను అడిగి కింద రాయి. మేం ఫోన్ చేసి కనుక్కుంటాం. 'మేస్త్రీ పర్యవేక్షణలో' అన్న మాట మాత్రం తీసెయ్యకు. ఎంతవరకు వచ్చో అంతే చెప్పినవాడిని మేం నమ్మి మెషీన్ దగ్గరికి పంపగలం. ఇంటర్వ్యూలో నిన్ను అడిగేది కూడా దీని గురించే, అప్పుడు నువ్వు తడబడవు. దీన్నే ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలుగా రాసుకుని బయటకు చదువు. ఇంగ్లీషు నేర్చుకోవడం కూడా తెలిసిన పని నుంచి మొదలుపెడితే తొందరగా వస్తుంది.

టెన్త్ మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకో. చేరే రోజు పీఎఫ్ దగ్గర ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

పానగల్లు_లెక్చరర్:

హెచ్‌ఆర్ గారు రాసినది మా కాలేజీ నోటీసు బోర్డులో పెట్టాలి, అనుమతి ఇస్తే పెడతాను.

సూర్యాపేట మిత్రుడు మెట్లు దిగడం అన్నాడు. పై చదువు దారి ఐటీఐ దగ్గర ఆగిపోదు. ఐటీఐ తర్వాత ఎల్‌పీసెట్ రాస్తే పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాది. అయితే లెక్క వేస్తే ఐటీఐ రెండేళ్లు, డిప్లొమా రెండేళ్లు, బీటెక్ మూడేళ్లు, మొత్తం ఏడేళ్లు. అది తక్కువ కాలం కాదు, ఎంపీసీ చదివిన పిల్లాడికి నేనైతే ఇప్పటికీ బీఎస్సీయే చెబుతాను. కానీ ఈ పిల్లాడు మెగ్గర్ గురించి రాసినంత ఇష్టంగా ఫిజిక్స్ రికార్డు రాసినవాళ్లను నేను తక్కువ చూశాను. అందుకే గట్టిగా పట్టుబట్టను.

సూర్యాపేట_సాఫ్ట్‌వేర్:

సార్, ఈసెట్ దారి ఉన్నంతవరకు నాకు అభ్యంతరం తగ్గింది. మేనేజ్‌మెంట్ సీటు వద్దనే మాటలో నేనూ మీతోనే ఉన్నాను. ఐటీఐలో చేరితే తమ్ముడు కంప్యూటర్ వదలకూడదు, అంతే నా కోరిక.

వైండింగ్_మిర్యాలగూడ:

ఇప్పుడు ఐటీఐలు కూడా మారుతున్నాయి. టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా చేస్తున్నారు. సీఎన్‌సీ మెషినింగ్, ఎలక్ట్రిక్ బండ్ల మెకానిక్, రోబోటిక్స్ లాంటివి నేర్పిస్తారు. బోరు మోటార్ల దగ్గర కూడా సోలార్ పంపులు, ఆటో స్టార్టర్లలో సర్క్యూట్ బోర్డులు వచ్చేశాయి. నాకు వైండింగ్ వచ్చు, బోర్డు పోతే హైదరాబాద్ పంపాల్సి వస్తోంది. అది వచ్చిన కుర్రాడు మిర్యాలగూడలో దొరికితే రేపే పెట్టుకుంటాను.

ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ చెయ్యి. 2019 నిబంధనల్లో ఐటీఐ పాసైనవాళ్లకు నెలకు కనీసం 7,000 స్టైపెండ్ అని పెట్టారు. డబ్బు తక్కువే. కానీ పెద్ద ప్లాంటులో ప్యానెల్ బోర్డు దగ్గర నిలబడితే వచ్చే పని చిన్న షాపులో ఎన్నేళ్లున్నా రాదు. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం ఒక్కటే 4,000 మెగావాట్లు. అలాంటి చోట ఎంత రకం ఎలక్ట్రికల్ పని ఉంటుందో ఆలోచించు.

డిండి_పిలగాడు:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఈ పోస్టులన్నీ నాయినకు చదివి వినిపించాను. మేనేజ్‌మెంట్ కోటాకు రీయింబర్స్‌మెంట్ రాదన్న మాట ఆయనకు తెలియదు. ఆ ఏజెంట్‌కు ఫోన్ చేసి అడిగితే మాట దాటేశాడు. దాంతో ఆ సీటు విషయం ముగిసింది.

ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్‌కు దరఖాస్తు పెడుతున్నాను. సీటు రాకపోతే దోస్త్‌లో బీఎస్సీ పెట్టుకుని, మిర్యాలగూడ అన్న ఒప్పుకుంటే సాయంత్రాలు ఆయన షాపులో చేస్తాను. ఓపెన్ డిగ్రీ సంగతి ఐటీఐ అయ్యాక చూస్తానక్కా. నాయినకు ఒకటే బాధ, చుట్టాల ముందు ఐటీఐ అని చెప్పుకోవాలి కదా అని. అమ్మ మాత్రం మన బోరు మోటార్ బాగుచేసేది వీడే కదా అంది.

టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు ఉంది, ఆధార్‌లో చివర ఉంది, ఒక అక్షరం కూడా తేడా ఉంది. దీనికి ఏం చేయాలి సార్?

కొత్తూరు_హెచ్‌ఆర్:

టెన్త్ మెమోను ముట్టుకోవద్దు, దాన్ని మార్చడం పెద్ద తతంగం. మెమోలో ఎలా ఉందో ఆధార్‌ను అలాగే మార్పించు. టెన్త్ మెమో ఒరిజినల్ పట్టుకుని ఆధార్ సెంటర్‌కు పో. కంప్యూటర్‌లో ఎక్కించాక చదివి వినిపించమను. ఆధార్‌లో పేరు రెండుసార్లకు మించి మార్చనివ్వరు, అందుకే ఈసారే అక్షరం అక్షరం సరిచూసుకో. బ్యాంక్ ఖాతాలో, పాన్‌లో కూడా అదే పేరు రావాలి. పాన్ ఇంకా తీసుకోకపోతే ఆధార్ సరిచేశాకే తీసుకో.

డిండి_పిలగాడు:

సరే సార్. సోమవారం దేవరకొండ పోతున్నాను, ఆధార్ పని చేసుకుని షాపు యజమానిని ఫోన్ నంబరు గురించి అడుగుతాను.